రెండున్నర గ్రేడు

పగలంతా నా పని తుప్పు వదలగొట్టడం.
సిత్రాలో నూనె ట్యాంకుల చుట్టూ, పరంజా మీద,
తలకి గాలిగొట్టం తగిలించిన టోపీ
చేతుల్లో బుసకొట్టే పైపు.
ఇనుము తెల్లబడాలి, రెండున్నర గ్రేడుకి.
రొహెలియో వచ్చి వేలితో రాసి చూస్తాడు
వేలికేమీ అంటకపోతేనే సంతకం.

రాత్రి నా పని తుప్పు పట్టించడం.

మంచం కింద ప్లైవుడ్ చెక్క, మూడడుగులు.
దాని మీద నౌపడా స్టేషన్లో ఒక మూల:
చిన్నరైలు ఆగే ప్లాట్‌ఫాం, నీళ్ళ ట్యాంకు,
తలుపు ఊడిన గూడ్సు షెడ్డు, అవతల ఉప్పుమళ్ళు.
ఈ దీవిలో రైలే లేదు.
అక్కడ కూడా ఆ చిన్నరైలు లేదిప్పుడు, పెద్దపట్టాలు పడ్డాయి.
కాబట్టి ఇది తప్పని ఎవరూ వచ్చి చెప్పలేరు
నేను తప్ప.
నేను మాత్రం రోజూ చెబుతాను.

ఇక్కడి ఇసుక మరీ పాలిపోయింది, పనికిరాలేదు.
మెస్సులో పారబోసే టీపొడి అడిగి తెచ్చి
కిటికీలో ఎండబెట్టి చల్లితే
అచ్చం టెక్కలి పోయే దారి.
కాలిపోయిన కేబుల్ లోంచి రాగితీగలు లాగి మెలిపెట్టి
పాత పరుపు స్పాంజి తురిమి అంటించాను. తుమ్మలు కుదిరాయి.
జీడిచెట్టు మాత్రం ఎన్నిసార్లు చేసినా
కాలీఫ్లవర్‌లాగే వస్తోంది.

పట్టాల కింద కంకర చాన్నాళ్ళు దొరకలేదు.
ఒకరోజు యార్డులో గార్నెట్ బస్తా విప్పుతుంటే
"మీ వైపు ఒడ్డుదే ఇది" అన్నాడు స్టోర్ కీపర్,
బస్తా మీది అచ్చు వేలితో చూపిస్తూ.
చిన్నప్పుడు నిక్కరు జేబుల్లోంచి దులుపుకున్న ఇసుక
నాకంటే ముందే ఓడెక్కి వచ్చేసి
ఇక్కడ గొట్టంలో దూరి తుప్పు గీకుతోంది.
పిడికెడు జేబులో వేసుకున్నాను. దొంగతనమే.
టీ జల్లెడలో పట్టి, జిగురునీళ్ళు కలిపి
స్లీపర్ల మధ్య పోశాను.

ట్యాంకుకి తుప్పు పట్టించాలంటే ఒక కిటుకుంది.
ముందు తుప్పురంగు పూసి ఆరనివ్వాలి.
తడిపి, మెత్తటి ఉప్పు చల్లాలి,
కూరలో వేసినట్టు కాదు, అక్కడొక చిటికె, ఇక్కడసలు వద్దు.
పైన బూడిదరంగు.
ఆరాక బొటనవేలితో ఉప్పు రాల్చేస్తే
ఉప్పున్న చోటల్లా పెచ్చు లేచి లోపలిది బయటపడుతుంది.
ఉప్పుగాలి ముప్ఫై ఏళ్ళు చేసిన పని
నాకొక శుక్రవారం పట్టింది.

బోర్డు మీద పేరు కుంచెలోంచి పీకిన ఒక్క వెంట్రుకతో రాశాను.
'డా' వంకరపోయింది.
అసలు బోర్డులోనూ వంకరేనని గుర్తు.
లేక, వంకరపోయాక గుర్తొచ్చిందో.

పై మంచం మీంచి మొఫిజుల్ తల వేలాడేసి
"భాయ్, మనుషులేరీ?" అంటాడు.
ఈ కొలతలో మనిషంటే బాస్మతి గింజంత.
ఒకణ్ణి చెక్కాను. మెడ దగ్గర విరిగాడు.
పోనీలే అని, ఆవగింజకి గోనెరంగు వేసి
ప్లాట్‌ఫాం అంచున మూటలా పెట్టాను.
ఎవరిదో మరి.

చివరికి పట్టాలు మిగిలాయి.
కట్టుతీగ సాగదీసి చేసినవి. పక్కలకి తుప్పు ఎప్పుడో వేసేశాను,
పై అంచు దగ్గరే చెయ్యి ఆగింది.
రైలు తిరగని పట్టాకి నెత్తి మీద కూడా తుప్పే
తిరిగేదానికి అద్దపు గీత.
ఉన్నదున్నట్టు చెయ్యాలంటే తుప్పే వెయ్యాలి. వేశాను.
మూడు వారాలు అలాగే ఉంది.

నిన్న డ్యూటీ నుంచి వచ్చి, స్నానమైనా చెయ్యకుండా,
గరుకుకాగితం ముక్క వేలికి చుట్టుకుని
ఈ కొస నుంచి ఆ కొసకి అంగుళం అంగుళం
తెల్లబడేదాకా గీశాను, రెండున్నర గ్రేడుకి.
వేలితో రాసి చూసుకున్నాను.

ఇంజన్ ఇంకా కొనలేదు. పదహారు దీనార్లు.
"రైలేదీ భాయ్?" అన్నాడు మొఫిజుల్.
వాడికి తెలియని నా యాసలోనే వచ్చేసింది జవాబు:
సూడు, పట్టాలింకా మెరస్తన్నాయి,
ఇప్పుడే ఎలిపోనాది.